చెవి ముందున్న కీలు

కొవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నేను శంషాబాద్ దగ్గర ఒక దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో నోటి వ్యాధులు, రేడియాలజీ విభాగానికి అధిపతిగా పనిచేస్తున్నాను. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. అంతకుముందు ఉద్యోగమంతా ప్రభుత్వ దంత వైద్యశాలల్లో గడిచింది. ఫిల్మును చీకటి గదిలో రసాయనంలో ముంచి, నీళ్లలో కడిగి, క్లిప్పుకు తగిలించి ఆరబెట్టిన రోజుల నుంచి, మీట నొక్కగానే తెరమీద బొమ్మ కనబడే రోజుల దాకా ఈ వృత్తిలోనే ఉన్నాను. శంషాబాద్‌లో నా పని ప్రధానంగా చూడటం, సంతకం పెట్టడం. ఆసుపత్రిలో తీసిన ప్రతి ఎక్స్‌రేనూ ముందు పీజీ విద్యార్థి చదివి నివేదిక రాస్తాడు. విభాగాధిపతి సంతకం పడితేనే అది సర్జన్ చేతికి వెళుతుంది.

నేను చెప్పబోయేది దవడ కీలు గురించి. చదువుతున్నవారు రెండు చూపుడు వేళ్లనూ చెవుల ముందు ఆనించి ఒకసారి నోరు తెరిచి మూయండి. వేళ్ల కింద కదిలేదే ఆ కీలు. కింది దవడ ఎముక రెండు కొసల్లో గుండ్రటి తలలుంటాయి. అవి పుర్రె అడుగున ఉన్న గుంటల్లో కూర్చుంటాయి. తలకూ గుంటకూ మధ్య డిస్క్ అనే పలచని మెత్తటి పలక ఉంటుంది. నోరు కొంచెం తెరిస్తే తల ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే గుంట విడిచి ముందుకు జారుతుంది, మూయగానే వెనక్కి వచ్చి కూర్చుంటుంది. పైగా రెండు కీళ్లూ ఒకే ఎముకకు చెందినవి కాబట్టి ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. మాట్లాడినా నమిలినా ఆవులించినా రోజుకు ఎన్ని వేలసార్లు ఈ పని జరుగుతుందో మనం గమనించం. గమనించాల్సి వచ్చిందంటే ఏదో చెడిందన్నమాట.

అఫ్రీన్‌కు అప్పుడు ఏడేళ్లు. తల్లి రెహానా విమానాశ్రయం టెర్మినల్‌లో హౌస్‌కీపింగ్ చేసేది. తండ్రి క్యాబ్ నడిపేవాడు. పిల్ల సైకిల్ తొక్కుతూ గల్లీలో స్పీడ్ బ్రేకర్ దగ్గర బోర్లా పడింది. గదుమ నేలకు కొట్టుకుని చీలింది. దగ్గరలోని ఒక దవాఖానలో మూడు కుట్లు వేసి, పళ్లేమైనా కదిలాయేమో చూపించుకొమ్మని మా దగ్గరికి పంపారు.

పద్ధతి ప్రకారం ఓపీజీ తీశాం. మనిషిని నిలబెట్టి, గదుమను ఒక చిన్న పీట మీద ఆనిస్తే, యంత్రం తల చుట్టూ తిరిగి తీసే ఎక్స్‌రే అది. పళ్లన్నీ, రెండు దవడలూ, రెండు కీళ్లూ చాప పరిచినట్టు ఒకే పొడవాటి బొమ్మలో కనిపిస్తాయి. చప్పున అయిపోతుంది, రేడియేషన్ కూడా తక్కువ. గదుమకు కుట్లుండటంతో అఫ్రీన్ నొప్పికి తల కొంచెం పక్కకు తిప్పింది. బొమ్మలో ఎడమ కీలు మీద పుర్రె ఎముక నీడ పడింది. మళ్లీ తీయమంటారా అని టెక్నీషియన్ అడిగాడు. పిల్ల ఏడుస్తోంది, పళ్లు బాగున్నాయి, చిన్నపిల్లకు ఊరికే రెండోసారి రేడియేషన్ ఎందుకని వద్దన్నాను. ‘ఎముక విరగలేదు’ అని విద్యార్థి రాసిన వాక్యం కింద సంతకం పెట్టాను.

నాలుగో రోజు పొద్దున్నే రెహానా పిల్లను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. డ్యూటీ యూనిఫాంలోనే ఉంది.

“మేడం, మొన్న బాగనే ఉందన్నరు. మరి నోరు తెరిస్తే గదుమ ఎడమకు పోతుంది, జర చూడండి. రొట్టె నమలమంటే నమలదు.”

అఫ్రీన్‌ను ఎదురుగా నిలబెట్టి నోరు తెరవమన్నాను. గదుమ తిన్నగా కిందికి రాలేదు. గాలికి కొట్టుకునే తలుపులా ఎడమకు ఒరిగింది. చెవుల ముందు నా వేళ్లు పెట్టి మళ్లీ తెరవమన్నాను. పిల్ల కుడి చెవి ముందు కీలు తల జారుతోంది. ఎడమ చెవి ముందు వేలి కింద ఏమీ లేదు. కదలిక లేదనడం కాదు, ఉండాల్సిన తలే అక్కడ లేదు. ముప్ఫై ఏళ్లు దాటిన అనుభవంలో వేలితో అంత స్పష్టంగా నా తప్పు నాకు తగలడం అదే మొదటిసారి.

నీడలు దాటి కీలు తలను చూడటానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. నుదురు ఎక్స్‌రే పలకకు ఆనించి, నోరు తెరిపించి, కిరణాన్ని తల వెనుక నుంచి పైకి ఏటవాలుగా పంపడం. పక్కనుంచి కనబడనిది ఎదురుగా కనబడుతుంది. తీయించాను. ఎడమ కీలు తల విరిగి లోపలివైపుకు వాలి ఉంది. పక్కనుంచి చూస్తే దాని మీదే మరో ఎముక నీడ పడి, ఓపీజీలో అంతా సవ్యంగా ఉన్నట్టు కనబడిందన్నమాట.

రెహానాను కూర్చోబెట్టి, మొన్నటి నివేదిక తప్పని, ఆ తప్పు విద్యార్థిది కాదు, సంతకం పెట్టిన నాదని చెప్పాను. ఆవిడ గొడవ పెట్టుకుంటుందని అనుకున్నాను. “ఇగ ఏంజెయ్యాలె మేడం?” అని మాత్రం అడిగింది. ఆ రోజే సవరించిన నివేదిక రాసి పాతదానికి జత చేశాను. విద్యార్థులకు కూడా ఒక నియమం పెట్టాను: ‘విరగలేదు’ అని రాయకూడదు, ‘ఈ బొమ్మలో కనబడలేదు’ అని రాయాలి.

మా సర్జన్ డాక్టర్ కార్తీక్‌కు నలభై లోపు వయసు, తూర్పు గోదావరి మనిషి. చెయ్యి మంచిది, మాట మెత్తన. సీబీసీటీ కావాలన్నాడు. అదీ తల చుట్టూ తిరిగే యంత్రమే కానీ శంకువు ఆకారంలో కిరణాలు పంపి వందల బొమ్మలు తీసి, కంప్యూటర్‌లో కూర్చి, ఎముకను ఏ దిక్కు నుంచి కావాలంటే ఆ దిక్కు నుంచి పొరలు పొరలుగా కోసి చూపుతుంది. తీసే ఇరవై సెకన్లూ మనిషి కదలకూడదు. ఏడేళ్ల పిల్ల నొప్పితో కదలకుండా ఉంటుందా అని మేము సందేహిస్తుంటే రెహానా కూతురి భుజాల మీద చేతులు వేసి, “సెక్యూరిటీ చెక్ కాడ నిలబడ్డట్టు నిలబడు బేటా. కదిలితే మిషన్ మోగుతది” అంది. అఫ్రీన్ శిలలా నిలబడింది. స్కాన్ అయిపోయినా, తల్లి “ఇగ రా” అనేదాకా కన్ను కూడా ఆర్పలేదు.

ఎముక, కీలును చుట్టి ఉండే సంచి లోపలే విరిగింది. చిక్కుడు గింజంత ముక్క లోపలికి జారి పడుకుని ఉంది. మిగిలిన మోడు పైకి పొడుచుకుపోయి గుంటను తాకేంత దగ్గరగా ఉంది. ఇంతవరకూ సందేహం లేదు. కానీ సీబీసీటీకి ఎముక తప్ప మరొకటి సరిగా కనబడదు. డిస్క్ ఎక్కడుందో అది చెప్పలేదు.

“మేడమ్, డిస్క్ మోడు మీదే ఉంటే రెండు ఎముకల మధ్య అడ్డం ఉన్నట్టేనండి,” అన్నాడు కార్తీక్. “ముక్కతో పాటు జారిపోయి ఉంటే ఎముకకు ఎముక తగిలి అతుక్కుపోతుంది. అది తెలియకుండా నేను ఆగమనలేను, కోస్తాననీ అనలేను.”

మేమిద్దరం వాదించుకున్నది ఇక్కడే. అంత చిన్నపిల్ల కీలు తెరిచి ముక్కను సరిచేయబోతే, ఎముక పెరుగుదలకు మూలమైన భాగమే దెబ్బతినవచ్చు. ముఖం కండరాలను కదిలించే నరం ఆ చోటు మీదుగానే పోతుంది. వ్యాయామంతో ఆగడం మేలని నేను. ఆగితే కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉందని అతను. ఎంఆర్ఐ తీయిద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. అందులో రేడియేషన్ లేదు, డిస్క్ కనబడుతుంది, కీలులో చేరిన నెత్తురు కనబడుతుంది. అది మా ఆసుపత్రిలో లేదు. ఆరాంఘర్ దాటాక ఒక స్కాన్ సెంటర్‌కు పంపాలి. నేనే వెంట వెళ్లాను. తప్పు చేసినవాళ్ల కాళ్లు ఊరికే ఉండవు. అరగంటసేపు ఆ గొట్టంలో రోకలి దంచినట్టు చప్పుడు. రెహానా బయట నిలబడి కూతురి పాదం పట్టుకునే ఉంది. అఫ్రీన్ కదల్లేదు.

బొమ్మ మా ఇద్దరి వాదాన్నీ తేల్చలేదు. డిస్క్ చాలావరకు విరిగిన ముక్కతో వెళ్లిపోయింది. వెనుక అంచు మాత్రం మోడును కప్పి మిగిలింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మూడు వారాలు వ్యాయామం. నోరు తెరుచుకోవడం పెరిగితే కార్తీక్ కత్తి పట్టడు. తగ్గితే నేను అడ్డం చెప్పను.

వ్యాయామం అంటే ఖరీదైన పరికరమేమీ కాదు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పక్కపళ్ల మధ్య పెట్టి, పదినిమిషాలు ఉంచాలి. రోజుకు ఆరుసార్లు. రెండు రోజులకొక పుల్ల పెంచుతూ పోవాలి. ఆ రోజు అఫ్రీన్ నోట్లో తొమ్మిది పుల్లలు పట్టాయి. ఆ వయసు పిల్లకు ఇరవై దాకా పట్టాలి.

మూడు వారాల తర్వాత వచ్చినప్పుడు ఆరే పట్టాయి.

కార్తీక్ ఒకటికి రెండుసార్లు స్కేలు పెట్టి కొలిచాడు. నా వైపు చూడకుండానే కేస్ షీట్‌లో రాశాడు. రెహానాను అడిగితే మొదట తల వంచుకుంది.

“ఎట్ల పెట్టాలె మేడం? పుల్లలు చూస్తేనే ఉరుకుతుంది. ఏడ్సి ఏడ్సి గొంతు పోతుంది. నేను డ్యూటీకి పోయినంక వాళ్ల దాదీ అస్సలు ముట్టనియ్యది, పిల్లను చంపుతరా అంటది. నాకు గూడ పానం ఒప్పుతలేదు.”

వారం తర్వాత ఆపరేషన్ తేదీ వేశారు. మత్తు డాక్టరుకు కబురు వెళ్లింది. అఫ్రీన్‌ను, రెహానాను బయటి హాల్లో కూర్చోమని, సమ్మతి పత్రం తయారయ్యేదాకా నేను నా గదిలోకి వచ్చాను. మొదటి తప్పు చూడటంలో చేశాను. రెండో తప్పు ఆగమనడంలో చేశానేమో అనిపించింది. ఏం చేయాలో తోచక, చదవాల్సిన స్కాన్‌ల వరుసలో పైన ఉన్నదాన్ని తెరిచాను.

అది ఆ పొద్దునే తీసిన సీబీసీటీ. మల్లేష్ అనే మనిషిది. ముప్ఫై ఏళ్ల లోపు, షాద్‌నగర్ దగ్గర ఊరు, శంషాబాద్‌లో ఒక గోదాములో పెట్టెల మీది లేబుళ్లు స్కాన్ చేసే పని. పన్ను నొప్పి అని వచ్చాడు. చూడబోతే దంతాల డాక్టరు చేతిలోని అద్దం అతని నోట్లోకి దూరలేదు. నోరు చిటికెన వేలి మందం కూడా తెరుచుకోదు.

పొరలు ఒక్కొక్కటీ జరుపుతూ పోయాను. ఎడమవైపు మామూలు కీలు. కుడివైపు కీలు లేదు. ఆరోగ్యంగా ఉన్న కీలును ఏ దిక్కు నుంచి కోసినా తలకూ గుంటకూ మధ్య సన్నటి నల్ల గీత కనబడుతుంది. అదే కదలడానికి ఉన్న సందు. మల్లేష్ కుడివైపు ఆ గీత ఎక్కడా లేదు. దవడ ఎముక పైకి పెరిగి, వెడల్పై, పుర్రెలోకి పోతపోసినట్టు కలిసిపోయింది. ఎక్కడ దవడ ముగిసిందో, ఎక్కడ పుర్రె మొదలైందో నేను చెప్పలేకపోయాను. పుస్తకాల్లో చూశాను, పాత ఎక్స్‌రేల్లో మసకగా చూశాను. ఇంత స్పష్టంగా, పొర తర్వాత పొరగా, ఎన్నడూ చూడలేదు. లోపలి ఎముక అల్లిక కూడా దవడ నుంచి పుర్రెలోకి తెగకుండా సాగింది. అది రోగం చేసిన పనిలా లేదు, నేర్పరి చేసిన పనిలా ఉంది. విరిగినచోట ఎముక పోయడం శరీరానికి తెలిసిన విద్య. ఆ విద్యను అది ఏ లోటూ లేకుండా చేసింది. నోరు అక్కర్లేదనుకుందేమో. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అతన్ని పిలవడానికి తలుపు తీశాను. హాల్లో రెహానా పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు మల్లేష్. మూతికి మాస్కు, గదుమ కుడివైపుకు లాగినట్టు చిన్నగా. రెహానా దుపట్టా కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఎందుకు ఏడుస్తున్నావని అతను అడిగి ఉంటాడు. ఆవిడ చెప్పి ఉంటుంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

“నేను గూడ గట్లనే పడ్డ అక్కా,” అంటున్నాడు. పళ్లు బిగించే మాట్లాడుతున్నాడు, కానీ ప్రతి మాటా తెలుస్తోంది. “ఎనిమిదేండ్లప్పుడు ఎడ్లబండి మీదికెల్లి. గదుమకు కుట్లేసిన్రు. నొస్తుందని నేను నోరు తెరవలే. మా అమ్మ గూడ పాపం, బలవంతం చెయ్యలే. అన్నం మెత్తగ పిసికి పెట్టింది. గట్లనే మూసుకపోయింది.”

మాస్కు కిందికి లాగి చూపించాడు. “సూడు, ఇంతే. చెంచ గూడ పోదు. ఒక పన్ను ఊడిన కాడికెల్లి వేలుతోని నూకుకుంట.”

రెహానా అఫ్రీన్ కోసం హాల్లో కలయజూసింది.

“పుల్లలు పెడితే ఏడుస్తుందంటున్నవ్ కదా. ఏడ్వనీ అక్కా. ఏడ్సినప్పుడల్ల నోరు తెరుస్తది. నాకు నోరు తెరిచి ఏడుసుడు గూడ లేదు.”

హాలంతా తిరుగుతున్న అఫ్రీన్ దగ్గరికి వచ్చి అతని పళ్ల సందులోకి తొంగి చూసింది. “అంకుల్, మరి చాక్లెట్ ఎట్ల తింటవ్?”

“బుగ్గల పెట్టుకొని కరిగేదాక సూస్త బిడ్డా.”

రెహానా లేచింది. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టలేదు. నేరుగా కార్తీక్ గదిలోకి వెళ్లింది; నేనూ వెనకే వెళ్లాను. “సారూ, ఆపరేషన్ వద్దంటలేను. ఇంకొక్క వారం ఇయ్యండి. ఈసారి నేను చేపిస్త,” అంది. కార్తీక్ నన్ను చూశాడు. నేను నోరు మెదపలేదు. అడ్డం చెప్పనని మాట ఇచ్చినదాన్ని. అతనే తేదీని వారం వాయిదా వేశాడు.

ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో రెహానా తర్వాత చెప్పింది. సూపర్‌వైజర్‌తో మాట్లాడి డ్యూటీ మార్పించుకుంది. అత్తను, అంటే అఫ్రీన్ దాదీని, ఒకరోజు మా ఆసుపత్రికే తీసుకొచ్చి, మల్లేష్ వచ్చే సమయం చూసి, అతని ఎదురుగా కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పుల్లలు దాదీయే పెట్టేదట. పిల్ల ఏడుపు ఆగలేదు. ఏడుపుకు నోరు పెద్దగా తెరిచినప్పుడు తల్లి ఇంకో పుల్ల దూర్చేసేది. ఈ ఉపాయం మా పుస్తకాల్లో లేదు.

వారానికి పదకొండు పుల్లలు. ఇంకో నెలకు పదహారు. కార్తీక్ కేస్ షీట్‌లో ఆపరేషన్ అన్న మాటను తనే కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు.

ఆ నెలల్లో మళ్లీ మళ్లీ ఎక్స్‌రేలు తీయలేదు. పెరిగే పిల్లకు రేడియేషన్ ఎంత తక్కువైతే అంత మంచిది. బదులుగా అల్ట్రాసౌండ్ వాడాను. చెవి ముందు జెల్ పూసి ప్రోబ్ అనే చిన్న పరికరం ఆనిస్తే కదులుతున్న కీలు అప్పటికప్పుడు తెరమీద కనబడుతుంది. లోపలి భాగాలు దాని చూపుకు అందవు. ఎముక వెనుక ఏముందో అది చెప్పలేదు. కానీ బతికి ఉన్న కదలికను చూపేది అదొక్కటే. అఫ్రీన్ నోరు తెరుస్తూ మూస్తూ తెరకేసి చూసి, లోపల చేప ఉందా అని అడిగింది.

మల్లేష్‌కు ఆ చలికాలంలో ఆపరేషన్ జరిగింది. నోరు తెరుచుకోనివాడికి మత్తు ఇవ్వడమే ఒక పరీక్ష. మెలకువగా ఉండగానే కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి ఊపిరి దారిలోకి పంపాలి. కార్తీక్ పుర్రెకూ దవడకూ మధ్య పేరుకున్న ఎముకను తొలిచి, మళ్లీ అతుక్కోకుండా ఆ సందులో కణత కండరం పొరను పరిచాడు. వారానికి మల్లేష్ కూడా పుల్లల దగ్గరికి వచ్చాడు. నొప్పికి రెండు రోజులు మానేశాడని తెలిసి, పరీక్షకు వచ్చిన రెహానా హాల్లోనే అందుకుంది: “నాకు చెప్పినవు కదా తమ్మీ, ఇప్పుడు నువ్వు ఏడ్వు. నోరు తెరిచి ఏడ్వు.” అతను నవ్వాడు. నవ్వుతుంటే పళ్ల మధ్య చీకటి కనబడింది. ఇరవై ఏళ్ల తర్వాత మొదటిసారి ఆవులించిన రోజు దవడ ఊడిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నానని తర్వాత నాకు చెప్పాడు.

అఫ్రీన్ పడిన ఏడాదికి, మళ్లీ జూన్‌లో, ఒకే ఒక్క సీబీసీటీ తీయించాను. కిరణాలు ఎడమ కీలు చుట్టూ మాత్రమే పడేలా చిన్న పరిధి పెట్టించాను. అప్పటికి తనకు ఇరవై పుల్లలు పడుతున్నాయి. బయటికి అంతా బాగుంది. లోపల ఏముందో చూడాలి.

గదిలో నేను, కార్తీక్, రెహానా ఉన్నాం. అఫ్రీన్ కిటికీ దగ్గర జామకాయ కొరుకుతోంది.

నిరుడు ముక్క పడుకుని ఉన్న చోటుకు ముందు వెళ్లాను. అక్కడ ఏమీ లేదు. పొర తప్పిందేమోనని వెనక్కి జరిపాను, ముందుకు జరిపాను. చిక్కుడు గింజంత ఎముక ఆనవాలు లేకుండా పోయింది. తర్వాత మోడు దగ్గరికి వచ్చాను. మోడు లేదు. దాని చివర ఒక కొత్త తల ఉంది. కుడివైపు తల అంత గుండ్రంగా లేదు; కొంచెం చదునుగా, కొంచెం లోపలికి వాలి ఉంది. కానీ తలే. చుట్టూ పలచని కొత్త ఎముక గట్టు. పైన గుంట కూడా పాత గుంట కాదు. కొత్త తలకు తగ్గట్టు తన అంచును మార్చుకుంది. రెండింటి మధ్య ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా నల్ల గీత ఉంది.

ఎవరూ కత్తి పెట్టలేదు. ఎవరూ అచ్చు పోయలేదు. పిల్ల ఏడుస్తూ తెరిచి మూసిన నోరు ఎలా కదిలితే ఎముక అలా చెక్కుకుంది. విరిగిన ముక్కలోని సున్నాన్ని కూడా శరీరమే కరిగించుకుపోయింది. పుస్తకాల్లో ఈ సంగతి ఉంది. పరీక్షల్లో నేను ప్రశ్నగా ఇచ్చాను కూడా. తెలియడం వేరు, అదే పిల్ల జామకాయ నములుతుంటే ఎదురుగా కూర్చుని ఆ కొత్త ఎముకను చూడటం వేరు. ఎంతసేపు చూశానో తెలియదు. కార్తీక్ కూడా కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

పక్క తెరమీద మల్లేష్ పాత స్కాన్ తెరిచాను. ఒకే రకం దెబ్బ, దాదాపు ఒకే వయసు. అక్కడా శరీరం ఎముకే పోసింది, ఇక్కడా ఎముకే పోసింది. కదలికే తేడా.

రెహానా రెండు తెరలనూ మార్చి మార్చి చూసి అడిగింది. “ఇరిగిన ముక్క ఏడబోయింది మేడం?”

ఒంట్లోనే కలిసిపోయిందని చెప్పాను.

“ఎవలు జేసిన్రు మరి ఈ కొత్తది?”

మీరే అన్నాను. ఆవిడ నమ్మలేదు. అల్లా చేసిండు, నేను పుల్లలే పెట్టిన అంది.

కథ అంతటితో పూర్తయిందని చెప్పలేను. అలాంటి కీలు పిల్ల పెరిగినంతకాలం రెండోవైపుతో సమంగా పెరుగుతుందా లేదా అని చూస్తూ ఉండాలి. అఫ్రీన్ గదుమ ఇప్పటికీ జాగ్రత్తగా చూస్తే వెంట్రుకవాసి ఎడమకు ఉంటుంది. ఏటా ఒకసారి కార్తీక్ కొలుస్తున్నాడు. నేను పదవీ విరమణ చేశాక కూడా ఆ కొలత నాకు ఫోనులో చెబుతాడు.

ఏ పద్ధతి మంచిదని విద్యార్థులు అడిగేవారు. ప్రశ్న తెలియకుండా జవాబు చెప్పలేనని చెప్పేదాన్ని. దవడ మొత్తాన్ని ఒక్క చూపులో చూడాలంటే ఓపీజీ, ఎముక ఎటు వాలిందో తెలియాలంటే సీబీసీటీ, డిస్క్ సంగతి ఎంఆర్ఐ, కదలిక అల్ట్రాసౌండ్. వీటన్నిటికంటే ముందు రెండు వేళ్లు. కానీ ఇవన్నీ ఆ రోజున ఎముక ఎలా ఉందో చెబుతాయి. రేపు ఎలా ఉండబోతోందో చెప్పవు. అది ఇంట్లో తేలుతుంది. అంతవరకూ నేను కేస్ షీట్‌లో చివరన ‘వ్యాయామం చెప్పడమైనది’ అని రాసి ఊరుకునేదాన్ని. ఆ తర్వాత మిగిలిన రెండేళ్ల సర్వీసులో ఆ వాక్యాన్ని మొదటికి తెచ్చి, పక్కన ఒక గడి గీయించాను. ఇంట్లో ఎవరు దగ్గర కూర్చుని చేయిస్తారో ఆ మనిషి పేరు అడిగి అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టలేదు.